ఏప్రిల్ 14, సాయంత్రం 4.06

ముంబయి సీఎస్‌ఎంటీలో సెంట్రల్ లైను లోకల్ ఎక్కితే మసీదు, శాండ్‌హర్స్ట్ రోడ్డు దాటాక వచ్చేది బైకుల్లా. 1853లో బోరీబందర్ నుంచి ఠాణేకు దేశంలోనే మొట్టమొదటి ప్రయాణికుల రైలు నడిచింది ఈ దారిలోనే. స్టేషను భవనాన్ని ఈమధ్య పాత సొగసుకు తీసుకొచ్చారు, దానికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా వచ్చింది. ఆ కమానులను ఫొటోలు తీసుకోవడానికి జనం వస్తుంటారు. పడమటి వైపు దిగి బాపూరావ్ జగ్‌తాప్ మార్గ్‌లోకి నడిచేవాళ్లు మాత్రం తక్కువ. ఆ రోడ్డు మీదే ముంబయి అగ్నిమాపక దళం ప్రధాన కేంద్రం ఉంది. లోపల, విధి నిర్వహణలో ప్రాణాలు వదిలిన సిబ్బంది కోసం కట్టిన స్మారకం ఉంది.

ఆ స్మారకానికీ మన ఊళ్లకీ ఏటా ఒకసారి బంధుత్వం కలుస్తుంది. ఏప్రిల్ రెండో వారంలో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఫైర్ స్టేషను ముందు చూసినా ఒక బ్యానరు కనిపిస్తుంది: ‘అగ్నిమాపక వారోత్సవాలు, ఏప్రిల్ 14 నుంచి 20 వరకు’. సిబ్బంది కలెక్టరు గారి చొక్కాకి చిన్న జెండా గుచ్చుతారు, కరపత్రాలు పంచుతారు. బడి పిల్లల ముందు ఇనుప తొట్టిలో డీజిలు పోసి అంటించి, నురుగుతో ఆర్పి చూపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. వారోత్సవాలు ఆ తేదీనే ఎందుకు మొదలవుతాయని అడిగితే, అగ్నిమాపక శాఖలో పనిచేసేవాళ్లు తడుముకోకుండా ‘బాంబే డాక్’ అంటారు. మిగతావాళ్లకు ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతి. ఆ మహనీయుడి పుట్టినరోజు వెలుగులో ఈ వర్ధంతి కనిపించకపోవడం సహజమే.

బైకుల్లా నుంచి తూర్పుకి, సముద్రం వైపు వెళ్తే పి. డిమెల్లో రోడ్డు వస్తుంది. వెనకటి ఫ్రేర్ రోడ్డు ఇదే. దానికి ఒకవైపు మాండ్వీ, మసీదు బందరు గోదాములు, ఇంకోవైపు పోర్టు ప్రహరీ. ఆ గోడ అవతలే బాంబే రేవుకు పేరు తెచ్చిన మూడు డాకులు ఉండేవి: 1880లో తయారైన ప్రిన్సెస్ డాకు, ఆ తర్వాతి దశకంలో దాని పక్కనే వచ్చిన విక్టోరియా డాకు, 1914లో తెరిచిన అలెగ్జాండ్రా డాకు. చివరిది ఇప్పుడు ఇందిరా డాకు అయింది. పత్తి, గింజలు, గుర్రాలు, సైనికులు, హజ్ యాత్రికులు, ఒకటేమిటి, నగరం బతుకంతా ఈ రేవుల గుండానే నడిచింది. 1944 ఏప్రిల్ 12న విక్టోరియా డాకు ఒకటో నెంబరు బెర్తులో ఒక సరుకుల ఓడ వచ్చి ఆగింది. దాని పేరు ఫోర్ట్ స్టికీన్.

యుద్ధం కోసం కెనడా పశ్చిమ తీరంలోని ప్రిన్స్ రూపర్ట్‌లో రెండేళ్ల ముందే కట్టిన ఓడ అది. గ్రాస్ టన్నేజీ 7,142, కెప్టెన్ పేరు అలెగ్జాండర్ నెయిస్మిత్. ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో బయల్దేరినప్పుడు అందులో 1,395 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. టార్పెడోలు, మైన్లు, ఫిరంగి గుండ్లు. వాటిలో 238 టన్నులు ఇట్టే అంటుకునే రకం. విప్పి పెట్టెల్లో సర్దిన యుద్ధ విమానాలు ఉన్నాయి. 31 పెట్టెల్లో 124 బంగారు కడ్డీలు ఉన్నాయి, ఒక్కోటి పన్నెండున్నర కిలోలకు పైనే. కరాచీలో కొంత సరుకు దిగింది. ఖాళీ అయిన చోట వేలాది పత్తి బేళ్లు, లూబ్రికేటింగ్ ఆయిలు పీపాలు, కలప, పాత ఇనుము, గంధకం, గుగ్గిలం, బియ్యం, చేపల ఎరువు ఎక్కించారు. యుద్ధకాలం కదా, ఓడలో వీసమెత్తు జాగా వృథా పోకూడదు. అలా రెండో నెంబరు అరలో పత్తి కిందా, మందుగుండు పైనా చేరాయి.

పత్తి బేలు గురించి ఒక మాట చెప్పుకోవాలి. గుంటూరు, ఆదోని, వరంగల్ మార్కెట్ యార్డుల చుట్టుపక్కల పెరిగినవాళ్లకు తెలిసిన సంగతే ఇది. బాగా నొక్కి కట్టిన బేలుకి నిప్పంటుకుంటే మంట పైకి రాదు. దాలిలో పిడక రాజుకున్నట్టు లోలోపలే రాజుకుంటుంది. పైన ఎన్ని నీళ్లు కొట్టినా లోపలి నిప్పుకి తగలవు. పైపెచ్చు పత్తి తేలుతుంది. ఓడ అడుగున నీళ్లు నిండేకొద్దీ కాలుతున్న బేళ్లు పైకి లేస్తాయి. ఆ అరలో పైన ఉన్నది మందుగుండు. నీళ్లు పోస్తేనే ప్రమాదం దగ్గరవుతుందన్నమాట. ఓడల్లో ఇలాంటి నిప్పుని ఊపిరాడకుండా చంపడానికి ఆవిరి వదిలే ఏర్పాటు ఉంటుంది. ఆ రోజు దాన్ని వాడలేదని తర్వాత విచారణ సంఘం తప్పుపట్టింది.

ఏప్రిల్ 14, శుక్రవారం. మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో రెండో అరలోంచి పొగ కనిపించింది. ప్రమాదకరమైన సరుకున్న ఓడ మీద ఎర్ర జెండా ఎగరాలని రూలుంది. ఫోర్ట్ స్టికీన్ మీద అది లేదు. పేలుడు సామగ్రిని ముందుగా దించాల్సింది, రెండు రోజులైనా దించలేదు. అగ్నిమాపక దళానికి కబురు వెళ్లడమూ ఆలస్యమైంది. ఇవన్నీ విచారణలో తేలినవే. కబురందుకుని హోస్ పైపులతో ఓడెక్కిన ఫైర్‌మెన్‌కు కాళ్ల కింద ఏముందో మొదట తెలిసే వీలే లేదు.

చీఫ్ నార్మన్ కూంబ్స్ ఆధ్వర్యంలో ఒక పంపు తర్వాత ఒక పంపు వచ్చి చేరింది. పొగ దట్టంగా కమ్మేసి నిప్పు ఎక్కడుందో కంటికి కనపడలేదు. కనపడని నిప్పు మీద 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టారు. లెక్కకు అది తొమ్మిది లక్షల లీటర్లు, ఇప్పుడు మన వీధుల్లో తిరిగే పన్నెండు వేల లీటర్ల పెద్ద నీళ్ల ట్యాంకర్లు డెబ్బై ఐదు. పోసిన నీళ్లు చల్లబరచలేదు సరికదా, ఓడంతా మరిగాయి.

వాళ్లు లోపల నీళ్లు కొడుతుంటే పైన తర్జనభర్జన. ఆయుధాల సంగతి తెలిసిన సైనికాధికారి ఓడని ఉన్నచోటే ముంచేయమన్నాడు. డాకులో మునిగేంత లోతు లేదని అడ్డం వచ్చింది. రేవు బాధ్యత చూసే పెద్దాయన నడిసముద్రంలోకి లాక్కుపొమ్మన్నాడు. ఇన్ని పైపులు పెట్టి ఆర్పుతున్నాం కదా, ఇక్కడే ఆర్పుదామన్నది ఇంకో వైపు మాట. ఆ మంటకు ఒక్కరే బాధ్యులని చెప్పదగ్గ మనిషి ఆ రేవులో లేకపోయాడు. సాయంత్రం 3.50కి ఓడ వదిలేయమని ఆజ్ఞ వచ్చింది. ఓడ నుంచి దిగినా రేవుగట్టు మీద పంపులున్నాయి, పైపులున్నాయి, మనుషులున్నారు.

పదహారు నిమిషాలు గడిచాయి. సరిగ్గా 4.06కి ఓడ రెండు ముక్కలైంది.

కొలాబా వేధశాలలో భూకంపాలను నమోదు చేసే పరికరాల మీద ఆ అదురు గీతలు పడ్డాయి. సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిమ్లాలోని పరికరాలూ దాన్ని పట్టుకున్నాయి. పన్నెండు కిలోమీటర్ల అవతల ఇళ్ల కిటికీ అద్దాలు పగిలాయి. 4.34కి రెండో పేలుడు జరిగింది, మొదటిదాని క్షతగాత్రులను ఎత్తడానికి వచ్చినవాళ్ల మీద. మండుతున్న పత్తి బేళ్లు ఆకాశంలోంచి ఓడల మీద, గోదాముల మీద, రేవు బయటి గుడిసెల మీద పడ్డాయి. చుట్టూ ఉన్న 11 ఓడలు అప్పటికే మునిగాయి, లేదా మునుగుతున్నాయి. జలపద్మ అనే దాదాపు నాలుగు వేల టన్నుల ఓడ వెనక భాగం గాల్లోకి లేచి రేవు షెడ్డు మీద వచ్చి కూర్చుంది.

ఆ పేరు దగ్గర విశాఖవాసులు ఒక్క నిమిషం ఆగుతారేమో. జలపద్మ సింధియా కంపెనీ ఓడ. అదే కంపెనీ అంతకు మూడేళ్ల ముందు, 1941లో, విశాఖపట్నంలో ఓడల కర్మాగారానికి రాజేంద్రప్రసాద్ చేత శంకుస్థాపన చేయించింది. 1948లో అక్కడి నుంచే జలఉష నీళ్లలోకి జారింది. గాజువాక వైపు వెళ్లే సిటీ బస్సుల్లో కండక్టర్లు ఈనాటికీ ‘సింధియా, సింధియా’ అని అరిచేది ఆ కంపెనీ పేరే.

మంటలను అదుపు చేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత 8,000 మంది ఏడు నెలలు పనిచేసి అయిదు లక్షల టన్నుల శిథిలాలు ఎత్తితే గాని డాకులు మళ్లీ పనికి రాలేదు. చనిపోయినవాళ్ల సంఖ్య 800 అనీ, 1,300 దాకా ఉంటుందనీ రకరకాలుగా చెబుతారు. రేవు సేవల్లో ఉండి చనిపోయినవారు 231 మంది. రికార్డుల్లో ఉన్న సంఖ్యలివి. రేవు చుట్టూ గుడిసెల్లో, దుకాణాల అరుగుల మీద బతికేవాళ్లని ఎవరు లెక్కపెట్టారు? ఎనభై వేల మందికి నిలువ నీడ పోయింది. అగ్నిమాపక దళంలో 66 మంది పోయారు. దేశంలో అగ్నిమాపక సిబ్బంది ఒకే చోట, ఒకే పూట ఇంతమంది పోయిన ఘటన కాబట్టే ఈ తేదీ అందరి తేదీ అయింది.

ఇంత జరిగినా మర్నాడు పేపర్లలో వివరాలు లేవు, యుద్ధకాలపు సెన్సారు వాటిని రానివ్వలేదు. విచిత్రం ఏమిటంటే జపానువాళ్ల చేతుల్లో ఉన్న సైగాన్ రేడియో మర్నాడే, ఏప్రిల్ 15న, జరిగినదంతా లోకానికి చాటింది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తన పౌరులకు ఆ వార్త చదువుకునే అనుమతి ఇచ్చింది మే రెండో వారంలో. శత్రువులు పెట్టిన నిప్పేనన్న అనుమానాలు చాలాకాలం షికారు చేశాయి. విచారణ సంఘం మాత్రం నిప్పు పత్తిలో పుట్టిందనీ, పత్తిని మందుగుండుతో కలిపి నింపడమే మూలదోషమనీ తేల్చింది. నష్టపరిహారం బాధ్యత ప్రభుత్వమే తీసుకుంది.

బంగారం సంగతి చెప్పకపోతే బొంబాయివాళ్లు ఒప్పుకోరు. ఒక కడ్డీ మైలు పైచిలుకు దూరం ఎగిరి ఒక పెద్దాయన ఇంటి కప్పు చీల్చుకుని పడింది. ఆ పార్శీ పెద్దమనిషి దాన్ని భద్రంగా తీసుకెళ్లి ఒప్పజెప్పాడు. పూడిక తీస్తుంటే 1970ల దాకా కడ్డీలు దొరుకుతూనే ఉన్నాయి. దొరికింది బంగారమొక్కటే కాదు, 2011 అక్టోబరులో ఇంకా పేలే స్థితిలో ఉన్న 45 కిలోల గుండు కూడా బయటపడింది. సైన్యం వచ్చి దాన్ని నిర్వీర్యం చేసింది. బంగారం కథలు ఇన్ని చెప్పుకునే నగరంలో ఆ 66 మందిలో ఒక్కరి పేరు అడిగితే చెప్పేవారు దొరకడం కష్టం. నాకది ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

బైకుల్లా కేంద్రం చరిత్ర ఆ పేలుడుతోనే మొదలవలేదు. 1803లో కోటలో పుట్టిన మంట ఊళ్లో మూడోవంతును బూడిద చేశాక నగరానికి మంటల భయం పట్టుకుంది. 1855 నాటికి నిప్పార్పే పని పోలీసుల చేతిలో ఉండేది, బండ్లను గుర్రాలు లాగేవి. 1887లో ఆ పని మునిసిపాలిటీ చేతికి వచ్చి సొంత దళం ఏర్పడింది. 1907లో మోటారు ఫైరింజన్ దిగింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది ఎం.జి. ప్రధాన్ దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. గుర్రపు డెక్కల చప్పుడు పోయింది గాని పని తీరు మారలేదు. గంట మోగగానే చేస్తున్న పని వదిలేసి బండెక్కడం, ఎక్కడికో ఏమిటో దారిలో తెలుసుకోవడం.

మారనిది మరొకటి కూడా ఉంది. 2015 మే 9న కాల్బాదేవిలో గోకుల్ నివాస్ అనే పాతకాలపు చెక్క దూలాల భవనం అంటుకుంది. లోపల మనుషులెవరైనా చిక్కుకున్నారేమోనని వెళ్లినవాళ్ల మీద భవనం కుప్పకూలింది. ఇద్దరు అధికారులు ఆ రోజే పోయారు. దళపతి సునీల్ నెస్రీకర్, ఆయన సహాధికారి ఒకరు ఒళ్లు కాలి ఆస్పత్రిలో కొద్దిరోజుల తేడాతో కన్నుమూశారు. దళానికి అధిపతి అయిన మనిషి వీధిలో నిలబడి వాకీటాకీలో ఆజ్ఞలిస్తూ ఉండిపోవచ్చు. 1944లో కూంబ్స్ ఓడ దగ్గరున్నాడు, 2015లో నెస్రీకర్ మంట దగ్గరున్నారు. పెద్దవాళ్లు ముందుండడం అనే అలవాటు ఆ దళానికి గౌరవమూ తెచ్చింది, మూల్యమూ అడిగింది.

బైకుల్లా స్మారకం లాంటివి ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. లండన్‌లో సెయింట్ పాల్స్ కేథడ్రల్ పక్కన ముగ్గురు ఫైర్‌మెన్ కంచు బొమ్మ ఉంది. జాన్ మిల్స్ చెక్కిన ఆ బొమ్మను 1991లో ఆవిష్కరించారు. మొదట అది రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల కింద పనిచేసినవాళ్లది. 2003లో శాంతికాలంలో పోయినవాళ్ల పేర్లూ చేర్చి జాతీయ స్మారకం చేశారు. ఆస్ట్రేలియాలో 1998 డిసెంబరులో లింటన్ అడవి మంటల్లో అయిదుగురు స్వచ్ఛంద సిబ్బంది పోయాక పుట్టిందే మే 4న జరిపే అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినం. ఆ స్మారకాలను చూసినా, మనదాన్ని చూసినా నాకొక సందేహం వస్తుంది. చావు ఘడియను మనం చాలా శ్రద్ధగా భద్రపరుస్తాం, అంతకు ముందు గడిచిన గంటలను వదిలేస్తాం. విక్టోరియా డాకులో రెండింటి నుంచి నాలుగింటి దాకా ఎగరని జెండా, వాడని ఆవిరి, ఆలస్యమైన కబురు, తేలని పంచాయితీ ఉన్నాయి. ప్రాణత్యాగం చేశారని దండం పెట్టి ఊరుకుంటే ఇవేవీ గుర్తుండవు. విచారణ సంఘం పట్టిన తప్పులు కూడా ఆ స్మారకం పక్కన చెక్కించి ఉంటే బాగుండేది. లైసెన్సు లేని రసాయనాల గోదాములోకి, తాళం వేసిన మెట్లదారిలోకి మన సిబ్బందిని ఈరోజుకీ అదే తీరున పంపుతున్నాం.

బైకుల్లా కేంద్రం నుంచి నడిచిపోయేంత దూరంలోనే కామాటిపుర ఉంది. ఆ పేరు వినగానే ముఖం చిట్లించేవాళ్లకు తెలియని సంగతి, అది మన కామాటీల పేట. బొంబాయి ద్వీపాల మధ్య నీటిని పూడ్చి, రోడ్లు వేసి, ఇళ్లు లేపడానికి 18వ శతాబ్దం చివర్లో తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్లిన కూలీలు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. బాంబే నగరం మట్టితట్టలో మన చెమట ఉంది. ఈ నగరం కాలిన రోజు మనకు పరాయి చరిత్ర కాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

చూడాలనుకునేవారికి: హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, విశాఖ మీదుగా వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సీఎస్‌ఎంటీకే చేరతాయి. అక్కడి నుంచి బైకుల్లాకి స్లో లోకల్‌లో మూడో స్టేషను. అగ్నిమాపక కేంద్రం ఇరవై నాలుగు గంటలూ పనిచేసే చోటు, టిక్కెట్టు కొని లోపలికెళ్లే మ్యూజియం కాదు. గేటు దగ్గర పని చెప్పి, అనుమతి తీసుకుని లోపలికి వెళ్లాలి. బండ్లు బయటికొచ్చే దారికి అడ్డంగా నిలబడకూడదు, బండి ఆపకూడదు. విక్టోరియా డాకు వైపున్న స్మారకం ముంబయి పోర్టు ప్రహరీ లోపల ఉంది. అది భద్రతా ప్రాంతం కాబట్టి పోర్టు అధికారుల పాసు లేనిదే వెళ్లనివ్వరు. మసీదు స్టేషనులో దిగి పి. డిమెల్లో రోడ్డు వెంట నడిస్తే మాత్రం ఆనాడు కాలిన ప్రాంతమంతా చూసినట్టే. బైకుల్లా తూర్పు వైపు రాణీబాగ్ జూ, దాని ఆవరణలోనే 1872లో తెరిచిన భావుదాజీ లాడ్ మ్యూజియం ఉన్నాయి. రెండింటికీ బుధవారం సెలవు. ఏప్రిల్ 14నే వెళ్లేవాళ్లు పొద్దున్నే బయల్దేరడం మంచిది, ఆ రోజు దాదర్ చైత్యభూమికి వెళ్లే జనంతో సెంట్రల్ లైను బాగా రద్దీగా ఉంటుంది.